బీడు మానిఫోల్డు తీసి గొట్టాలు బిగిస్తే: డెల్టాలో పాత అంబాసిడర్ లెక్క

పొద్దున్నే చల్లటి ఇంజన్ స్టార్ట్ చేయగానే బానెట్ కింద ఎడమ పక్క నుంచి టిక్ టిక్‌మని చప్పుడు వస్తుంది. ముందు ట్యాపెట్ల (వాల్వులను కదిలించే భాగాల) మీదకే అనుమానం పోతుంది. ఇంజన్ వేడెక్కి, బండి ఊరి పొలిమేర దాటేసరికి ఆ చప్పుడు తగ్గిపోతుంది. ఒక్కోసారి పూర్తిగా ఆగిపోతుంది. ట్యాపెట్ సందు ఎక్కువైతే వేడెక్కినా చప్పుడు వదలదు. వేడికి లోహం సాగి సందు మూసుకుపోతేనే ఇలా మాయమవుతుంది. టార్చిలైటు వేసి చూస్తే సంగతి తెలిసిపోతుంది: హెడ్డుకీ (సిలిండర్ల పైమూత) ఎగ్జాస్ట్ మానిఫోల్డుకీ (సిలిండర్లు వదిలే పొగను కలిపి సైలెన్సర్ వైపు పంపే భాగం) మధ్య అతుకు దగ్గర, కాటుక దిద్దినట్టు సన్నటి నల్లచార. పొగ కారుతున్నది అక్కడే.

గోదావరి డెల్టాలో ఇంకా పాత అంబాసిడర్ నడుపుకుంటున్నవాళ్లు మానిఫోల్డు గురించి ఆలోచించడం చాలావరకు ఈ నల్లచార దగ్గరే మొదలవుతుంది. పాత బీడు, అంటే పోత ఇనుము, మానిఫోల్డు బీట తీసి ఉంటుంది, లేదా మొహం వంకర పోయి ఉంటుంది. అలాంటిదే ఇంకొకటి పాత సామాన్ల కొట్లో వెతకాలా? ఎలాగూ విప్పుతున్నాం కాబట్టి గొట్టాలతో చేసిన కొత్తరకం మానిఫోల్డు, అంటే కుర్రాళ్లు హెడర్స్ అనేది, బిగించేయాలా? పికప్ పెరుగుతుందని, మైలేజీ కూడా వస్తుందని చెప్పేవాళ్లు చాలామంది ఉంటారు. ఎంత పెరుగుతుంది, ఏ వేగం దగ్గర పెరుగుతుంది, మన గట్టు రోడ్ల మీద ఇంజన్ ఆ వేగం దాకా అసలు వెళ్తుందా అని లెక్కగట్టేవాళ్లు తక్కువ. లెక్క వేస్తే తేలేది ఒకటే. డెల్టాలో ఈ మార్పు ఫలించాలంటే గొట్టం పొడవుగా ఉండాలి, వేడికీ ఉప్పుగాలికీ తట్టుకోవాలి, బిగింపు శుభ్రంగా జరగాలి. ఈ మూడింట్లో ఒకటి తప్పినా బాగున్న పాత బీడే మేలు.

మూడు రంధ్రాల హెడ్డు

ఇక్కడ మాట్లాడుతున్నది 1489 సీసీ బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) బి-సిరీస్ పెట్రోలు ఇంజన్ గురించి. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నుంచి వచ్చి, దశాబ్దాల పాటు అంబాసిడర్‌ను లాగిన ఇంజన్ ఇది. 1990లలో వచ్చిన ఇసుజు 1.8 పెట్రోలు ఇంజన్ హెడ్డు వేరు, దానికి ఈ లెక్క వర్తించదు. పెట్రోలు ఇంజన్ తీసేసి డీజిల్ పెట్టించుకున్న బళ్లు మన జిల్లాల్లో ఎన్నో. వాటికి హెడర్స్ గురించి ఆలోచించే పనే లేదు, ఉన్న మానిఫోల్డు లీకు లేకుండా చూసుకుంటే చాలు.

బి-సిరీస్ హెడ్డు ఎడమ పక్క చూస్తే ఐదు రంధ్రాలు వరసగా కనిపిస్తాయి. ఒక చివర 1వ సిలిండర్ ఎగ్జాస్ట్, తర్వాత 1, 2 సిలిండర్లకు కలిపి గాలి పీల్చుకునే రంధ్రం, మధ్యలో 2, 3 సిలిండర్లకు కలిపి ఎగ్జాస్ట్, ఆ పక్కన 3, 4కి కలిపి ఇన్‌లెట్, ఆఖర్న 4వ సిలిండర్ ఎగ్జాస్ట్. అంటే నాలుగు సిలిండర్లకు ఎగ్జాస్ట్ దారులు మూడే. వేరే బండి కోసం చేసిన నాలుగు గొట్టాల హెడర్స్ తెచ్చి, ఫ్లాంజ్ (హెడ్డుకు ఆనించి బిగించే పట్టీ) కోసి అతికించి పెడతామనే మాట విన్నప్పుడు ఈ ఒక్క విషయం గుర్తు పెట్టుకుంటే డబ్బు మిగులుతుంది. ఈ హెడ్డుకు సరిపడేది మూడు కొమ్మల మానిఫోల్డే. ఇంకో విశేషం ఏమిటంటే, పీల్చేదీ వదిలేదీ రెండూ ఒకే పక్కన ఉంటాయి. కార్బ్యురేటర్ను (గాలిలో పెట్రోలు కలిపే భాగాన్ని) మోసే ఇన్‌లెట్ మానిఫోల్డు, ఎగ్జాస్ట్ మానిఫోల్డు నడుముకు ఆనుకుని కూర్చుంటుంది. ఆ ఆనుకున్న చోట ఎగ్జాస్ట్ వేడి పైకి తగిలి, లోపల తుంపరగా వస్తున్న పెట్రోలును ఆవిరి చేస్తుంది. హాట్ స్పాట్ అనేది దాన్నే. గొట్టాల మానిఫోల్డు పెడితే మొదట పోయేది ఈ హాట్ స్పాటే. దాని సంగతి తర్వాత.

ఇక అసలు కిటుకు. ఈ ఇంజన్ కాలే వరస 1-3-4-2. ఎగ్జాస్ట్ వాల్వు పిస్టన్ అడుగుకు చేరకముందే, దాదాపు 40 డిగ్రీల ముందు తెరుచుకుంటుంది. పిస్టన్ పైకి వచ్చి పొగనంతా తోసేశాక, ఇంకో పది డిగ్రీలు పోయాక మూసుకుంటుంది. 1వ సిలిండర్ తన పొగను ఆఖరి చుక్క దాకా వదిలే సమయానికి, 3వ సిలిండర్ వాల్వు అప్పుడే తెరుచుకుని ఉంటుంది. తెరుచుకున్న మొదటి క్షణంలో బయటికొచ్చే పొగ కుక్కర్ విజిల్ లేచినట్టు బలంగా తన్నుకొస్తుంది. పాత బీడు మానిఫోల్డులో దారులన్నీ దగ్గరదగ్గరగా కలిసిపోతాయి కాబట్టి, 3వ సిలిండర్ తన్నిన తన్ను నేరుగా 1వ సిలిండర్ మొహాన కొడుతుంది. దాంతో 1లో కొంత కాలిన పొగ మిగిలిపోతుంది. అంత మేరకు కొత్త గాలికి చోటు తగ్గుతుంది. 3 తర్వాత 4, 4 తర్వాత 2, 2 తర్వాత 1, వరస అలాగే సాగుతుంది.

2, 3 సిలిండర్లు ఒకే రంధ్రం పంచుకోవడం వల్ల నష్టం లేదా అంటే, ఎగ్జాస్ట్ వరకు పెద్దగా లేదు. ఆ రెండూ ఒకదానికొకటి పూర్తిగా ఒక చుట్టు దూరంలో కాలతాయి. ఒకటి వదిలేటప్పుడు రెండోది మూసుకుని ఉంటుంది. 1, 4 కూడా అంతే. అందుకే ఈ ఇంజన్‌కు పనికొచ్చే గొట్టాల మానిఫోల్డులో 1, 4 గొట్టాలు కిందికి వెళ్తూ ఒకటిగా కలుస్తాయి, మధ్య గొట్టం మాత్రం ఒంటరిగా చాలా దూరం సాగి, అప్పుడు వాటితో కలుస్తుంది. దీన్ని లాంగ్ సెంటర్ బ్రాంచ్ అంటారు. ఇంగ్లండులో పాత మినీ కార్ల వాళ్లకు ఇది బాగా అలవాటైన సరుకు. మినీ ఇంజన్‌కూ మధ్య రెండు సిలిండర్లకు ఒకటే ఎగ్జాస్ట్ రంధ్రం.

ఎంత పొడవుంటే మేలు? వేడి పొగలో ఒత్తిడి అల సెకనుకు దాదాపు 500 మీటర్ల వేగంతో పోతుంది అనుకుందాం. మధ్య కొమ్మ 80 సెంటీమీటర్లు, పక్క కొమ్మ 80 సెంటీమీటర్లు ఉంటే, 3వ సిలిండర్ తన్ను కిందికి దిగి మళ్లీ 1వ సిలిండర్ దాకా ఎక్కాలంటే 1.6 మీటర్లు పోవాలి. అందుకు సెకనులో వెయ్యో వంతులు మూడు పైచిలుకు పడుతుంది. 3వ వాల్వు తెరుచుకున్నాక 1వ వాల్వు మూసుకోవడానికి ఉన్న వ్యవధి 50 డిగ్రీలు. ఇంజన్ నిమిషానికి 2,600 చుట్లు తిరిగేటప్పుడు ఆ 50 డిగ్రీలకు పట్టే సమయం సరిగ్గా అంతే. అంటే 2,600 దాటాక తన్ను వచ్చేసరికి తలుపు మూసుకుని ఉంటుంది. అంతకంటే నెమ్మదిగా తిరిగితే తన్ను తగులుతుంది, కాకపోతే దూరం నడిచి, కూడలిలో చీలి వచ్చింది కాబట్టి నీరసించి తగులుతుంది. అదే కొమ్మలు ఒక్కోటి మీటరు ఉంటే 2,100 చుట్ల దగ్గరే ఈ మేలు మొదలవుతుంది. ఇది ముతక లెక్కే. పొగ వేడిని బట్టి అల వేగం మారుతుంది. కానీ ఎటు మొగ్గాలో చూపించడానికి ఇది చాలు.

డెల్టాకు ఈ లెక్క ఎందుకంత ముఖ్యమో రోడ్డు చూస్తే అర్థమవుతుంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయినప్పటి నుంచి ఈ నేల కాలువల వెంట పెరిగింది. రోడ్లు కూడా చాలాచోట్ల కాలువ గట్ల మీదే పోతాయి. ఒక పక్క నీళ్లు, ఇంకో పక్క కొబ్బరితోట దిగుడు, ఎదురుగా గడ్డిమోపుల ట్రాక్టరు. 40, 50 కిలోమీటర్ల వేగమే ఎక్కువ. టాప్ గేర్లో ఆ వేగానికి అంబాసిడర్ ఇంజన్ 2,000 చుట్లకు అటూఇటూ తిరుగుతుంది. ఘాట్ రోడ్డు లేదు. ఎక్కుడు అంటే సిద్ధాంతం దగ్గరో, చించినాడ దగ్గరో, యానాం, ఎదుర్లంక దగ్గరో వంతెన మీదకు ఎక్కడమే. తాడేపల్లిగూడెం దాటి జాతీయ రహదారి ఎక్కితేనో, రాజమండ్రి రోడ్ కమ్ రైల్ బ్రిడ్జి మీద ఆ నాలుగు కిలోమీటర్లు తీరుబడిగా సాగితేనో ఇంజన్ కాస్త ఊపిరి తీసుకుంటుంది. ఇలాంటి గట్టు రోడ్ల మీద తిరిగే బండికి 5,000 చుట్ల దగ్గర శక్తినిచ్చే పొట్టి, లావు గొట్టాలు పెట్టడమంటే వరిచేలో దున్నడానికి పందెపు గిత్తను తోలడమే. గొట్టం లావు పెరిగితే పొగ నడక మందగిస్తుంది, కింది చుట్లలో లాగుడు పోతుంది. బయటి కొలత ఒకటిన్నర అంగుళం దాటనక్కర్లేదు. పొడవు మాత్రం కారు కింద పట్టినంత తీసుకోవాలి.

మరి శక్తి ఎంత పెరుగుతుంది? పొగకు ఎదురయ్యే ఒత్తిడి వాతావరణ పీడనంలో పదో వంతు తగ్గిందనుకుందాం. ఫుల్ యాక్సిలరేటర్ మీద 4,000 చుట్ల దగ్గర 1489 సీసీ ఇంజన్‌కు దానివల్ల నేరుగా మిగిలేది సుమారు 500 వాట్లు. అంటే హార్స్‌పవర్‌లో మూడింట రెండు వంతులు. సిలిండర్ బాగా ఖాళీ అయి, కొత్త గాలి బాగా నిండటం వల్ల వచ్చేది దానికి తోడవుతుంది. అంతా కలిపి, బాగా అమరితే, యాభై చిల్లర హార్స్‌పవర్ ఉన్న ఇంజన్‌కు ఒకటి రెండు, మహా అయితే మూడు. అదీ పై చుట్లలో. పొగ ప్రవాహం సగమైతే ఎదురు ఒత్తిడి నాలుగో వంతుకు పడిపోతుంది కాబట్టి, 2,000 చుట్ల దగ్గర, అదీ యాక్సిలరేటర్ పావు వంతు తొక్కి పోయేటప్పుడు, తగ్గించడానికి అసలు ఒత్తిడే పెద్దగా ఉండదు. మైలేజీ అమాంతం పెరిగిందని ఎవరైనా చెబితే, చాలావరకు ఆ ఘనత కొత్త మానిఫోల్డుది కాదు. పాత లీకు పోవడం, పనిలో పనిగా కార్బ్యురేటర్, ట్యాపెట్లు, పాయింట్లు సరిచేయడం వల్ల వచ్చింది అది. అలా అని మార్పు దండగ అనడానికి వీల్లేదు. వంతెన ఎక్కేటప్పుడు థర్డ్ గేర్లో 2,500 దాటాక ఇంజన్ తేలిగ్గా లాగడం, గురగుర తగ్గి ఒకే నాదంతో పలకడం, ఇవి తొక్కేవాడి కాలికి తెలుస్తాయి. ఆ తేడా కోసం పెట్టుకుంటే పెట్టుకోవచ్చు. మీటరు మీద 120 చూడాలని మాత్రం పెట్టకూడదు.

ఉప్పుగాలి, కాలువ నీళ్లు, రోహిణి ఎండ

బీడుకు ఒక గుణం ఉంది, ఒక దోషం ఉంది. తుప్పు పట్టినా పైపైనే పడుతుంది, గోడ మందం కాబట్టి ఏళ్ల తరబడి నిలుస్తుంది. దోషం ఏమిటంటే పెళుసు. ఎర్రగా కాగిన పెనం మీద చన్నీళ్లు చల్లితే ఏమవుతుందో, వానాకాలం మోకాలి లోతు నీళ్లలోంచి బండిని పోనిచ్చినప్పుడు, ఫ్యాన్ ఎగజిమ్మిన నీళ్లు పడి మానిఫోల్డుకు అదే అవుతుంది. పలచటి ఉక్కు గొట్టం ఆ దెబ్బకు వంగి ఓర్చుకుంటుంది. కానీ దాన్ని తుప్పు తినేస్తుంది. పైనుంచే కాదు, లోపలి నుంచి కూడా. ఒక లీటరు పెట్రోలు కాలితే దాదాపు ఒక లీటరు నీరు ఆవిరిగా పుడుతుంది. బండి దూరం పోతే ఆ ఆవిరి బయటికి పోతుంది. సంక్రాంతికి, పెళ్లిళ్లకు మాత్రమే షెడ్డులోంచి తీసి, గుడి దాకా పోయి, మళ్లీ గోనెపట్టా కప్పేసే బండిలో ఆ నీరు గొట్టం వంపుల్లో నిలిచిపోతుంది. పాత సైలెన్సర్ ఎప్పుడూ అడుగున, పల్లంలోనే చిల్లి పడటానికి కారణం అదే. కార్లను ప్రేమించి తక్కువ తిప్పేవాళ్ల గొట్టాలే త్వరగా పోతాయి.

అంతర్వేది, ఓడలరేవు వైపు సముద్రపు గాలి తోడైతే మామూలు ఉక్కు గొట్టానికి వేసిన వెండి రంగు ఒక్క వర్షాకాలం నిలవడం కూడా కష్టం. నరసాపురం రేవులో పంటు మీద బండి ఎక్కించి సఖినేటిపల్లి వైపు దాటించేవాళ్లకు ఇది కొత్తగా చెప్పనక్కర్లేదు, కారు అడుగు భాగం చూసుకుంటే తెలుస్తుంది. అక్కడ స్టెయిన్‌లెస్ తీసుకోవడమే దారి. అయితే స్టెయిన్‌లెస్ అంటే తుప్పే రాదని కాదు. మామూలుగా దొరికే 304 రకానికి ఉప్పు తగిలితే సూదిమొనల్లాంటి గుంటలు పడతాయి, వెల్డింగు పక్కన ముందు పడతాయి. సముద్రం వైపు పోయి వచ్చినప్పుడు, ఇంజన్ పూర్తిగా చల్లారాక మంచినీళ్లతో అడుగు కడిగితే ఎన్నో ఏళ్లు ఎక్కువ వస్తుంది.

స్టెయిన్‌లెస్‌కు ఇంకో స్వభావం, వేడికి ఎక్కువ సాగుతుంది. హెడ్డు మీద ఆ చివరి రంధ్రం నుంచి ఈ చివరి రంధ్రానికి 35 సెంటీమీటర్లు, వేడి 400 డిగ్రీలు పెరిగింది అనుకుంటే, బీడు ఒకటిన్నర మిల్లీమీటర్లు సాగితే స్టెయిన్‌లెస్ దాదాపు రెండున్నర సాగుతుంది. ఫ్లాంజ్ అంతా ఒకే పట్టీగా ఉంటే ఆ సాగుడు స్టడ్ల (హెడ్డులోంచి పొడుచుకొచ్చే మర కడ్డీల) మీద పడుతుంది, లేదా ఫ్లాంజ్ విల్లులా వంగి గ్యాస్కెట్ (అతుకు మధ్య లీకు ఆపే పలచటి పొర) ఊదుకుపోతుంది. రంధ్రానికీ రంధ్రానికీ మధ్య పట్టీని కోసి మూడు ముక్కలుగా వదిలిన మానిఫోల్డు చూడటానికి పని పూర్తికానట్టు కనిపించినా, అదే తెలివైన పని. స్టడ్డు రంధ్రాలు కాస్త వదులుగా ఉండాలి.

గొట్టాలకు తెల్లటి పట్టీ, హీట్ ర్యాప్, చుట్టించడం ఈమధ్య ఫ్యాషనైంది. పొడి ఊళ్లలో సంగతి వేరు. ఇక్కడ ఆ పట్టీ తడి పీల్చుకుని గొట్టాన్ని తడిగుడ్డలో చుట్టినట్టు ఉంచుతుంది. రెండు మూడేళ్ల తర్వాత విప్పితే గొట్టం పొరలు పొరలుగా పట్టీతోపాటు ఊడొస్తుంది. డెల్టాలో మామూలు ఉక్కు గొట్టాలకు ఆ పని చేయకపోవడమే మంచిది. వేడి ఆపాలంటే సిరామిక్ పూత వేయించాలి, లేదా కార్బ్యురేటర్ కింద అల్యూమినియం రేకు అడ్డం పెట్టాలి.

ఆ అడ్డం ఎందుకంటే, రోహిణి ఎండలకు రోళ్లు పగులుతాయన్నది ఉత్త సామెత కాదు. పీల్చేదీ వదిలేదీ ఒకే పక్కనున్న ఇంజన్‌లో కార్బ్యురేటర్ సరిగ్గా పొయ్యి మీద గిన్నెలా కూర్చుంటుంది. రావులపాలెం సెంటర్లో ట్రాఫిక్ ఆగి, ఇంజన్ ఐదు నిమిషాలు నిలబడి తిరిగితే, ఫ్లోట్ చాంబర్లో, అంటే కార్బ్యురేటర్లో పెట్రోలు నిలిచే అరలో, పెట్రోలు మరుగుతుంది. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. పాత పెట్రోలు కంటే ఇది ఆవిరి కావడానికి తొందరపడుతుంది, గాలిలో తేమను కూడా లాక్కుంటుంది. మందపాటి బీడు ముద్ద ఇంజన్ ఆపేశాక కూడా చాలాసేపు వేడి కక్కుతుంది. పలచటి గొట్టాలు త్వరగా చల్లారతాయి. కాబట్టి వేసవిలో ఆపి మళ్లీ స్టార్ట్ చేసే ఇబ్బంది గొట్టాలతో కొంత తగ్గుతుంది. నడుస్తున్నప్పుడు మాత్రం అవే గొట్టాలు బానెట్ లోపలికి ఎక్కువ వేడి విసురుతాయి. రేకు అడ్డం లేకుండా మార్చడం సగం పనే.

హాట్ స్పాట్ పోయిన లోటు మాత్రం ధనుర్మాసంలో తెలుస్తుంది. మంచు కమ్మిన తెల్లవారుజామున పెట్రోలు ఇన్‌లెట్ గోడల మీద చెమటలా పేరుకుంటుంది, ఇంజన్ దగ్గుతుంది, చోక్ ఎక్కువసేపు లాగి ఉంచాల్సి వస్తుంది. మన దగ్గర చలి ఎంతని? పది నిమిషాల సహనంతో పోయే సమస్య. అదే చలిదేశంలో అయితే పెద్ద తలనొప్పి.

బిగించే పని

పాత నట్లు విప్పే రోజే పని బాగుపడేదో చెడేదో తేలిపోతుంది. స్టడ్లు అంగుళంలో పదహారింట ఐదు వంతుల మందం, సన్న మర. ఏళ్ల తుప్పు పట్టి ఉంటాయి. ముందురోజు రాత్రే తుప్పు వదిలించే నూనె పోసి నానబెట్టాలి. పొద్దున గ్యాస్ మంటతో నట్టును మాత్రం కాచి, ఇటు పావు తిప్పి, అటు పావు తిప్పి, ఓర్పుతో తీయాలి. బలం పెట్టి ఒకేసారి లాగితే స్టడ్డు హెడ్డులోనే విరుగుతుంది. అక్కడ మిగిలిన మొండి మీద పెద్ద నట్టు పెట్టి వెల్డ్ చేసి తిప్పడం, అదీ కుదరకపోతే నట్టనడుమ డ్రిల్ వేయడం. ఆ డ్రిల్ పక్కకు జారితే హెడ్డు దించాల్సిందే. కొత్తగా పెట్టేటప్పుడు ఇత్తడి నట్లు పెడితే వచ్చేసారి ఈ కష్టం ఉండదు, ఇత్తడి ఉక్కుకు కరుచుకోదు.

ఇక అందరూ పొరపాటు పడే చోటు ఒకటుంది. ఈ ఇంజన్‌లో కొన్ని స్టడ్లు ఇన్‌లెట్ ఫ్లాంజ్‌కూ ఎగ్జాస్ట్ ఫ్లాంజ్‌కూ మధ్య సందులో ఉంటాయి. ఒకే మందపాటి పెద్ద వాషర్ సగం ఇటు, సగం అటు కూర్చుని, ఒకే నట్టుతో రెండింటినీ నొక్కి పట్టాలి. పాత మానిఫోల్డుల్లో రెండు ఫ్లాంజ్‌ల మందం సమానం కాబట్టి వాషర్ సమంగా కూర్చునేది. కొత్త గొట్టాల మానిఫోల్డు ఫ్లాంజ్ పలకతో కోసి చేసింది, ఇన్‌లెట్ ఫ్లాంజ్ కంటే ఒక మిల్లీమీటరు పలచగా ఉందనుకోండి. వాషర్ ఏటవాలుగా కూర్చుంటుంది. నట్టు ఎంత బిగించినా ఆ బిగువంతా ఇన్‌లెట్ మీదే పడుతుంది, ఎగ్జాస్ట్ వైపు ఉత్తుత్తిగా ఆని ఉంటుంది. పైకి చూస్తే నట్టు గట్టిగానే ఉంటుంది. మూడు వారాల్లో మళ్లీ అదే టిక్ టిక్, అదే నల్లచార. యజమాని గ్యాస్కెట్‌ను తిడతాడు, ఇంకో గ్యాస్కెట్ వేయిస్తాడు, అదీ పోతుంది.

దీన్ని పట్టుకోవడానికి పెద్ద మిషను అక్కర్లేదు. రెండు మానిఫోల్డులనూ గ్యాస్కెట్ లేకుండా స్టడ్ల మీద కూర్చోబెట్టి, స్టడ్డు పక్కన రెండు ఫ్లాంజ్‌ల మీదుగా చిన్న ఉక్కు స్కేలు అడ్డంగా ఆనించాలి. స్కేలు ఒక వైపు లేస్తే అక్కడ ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలచటి రేకు) దూర్చి ఎంత తేడా ఉందో చూడాలి. పలచటి వైపు వాషర్‌కు అంత మందం మెట్టు లేతు మిషను మీద చేయించవచ్చు, లేదా మందపాటి ఫ్లాంజ్‌ను సరిపడా దించవచ్చు. పాలకొల్లులోనైనా, తణుకులోనైనా, చేయి తిరిగిన లేతు పనివాడికి ఇది గంట పని. గొట్టాల మానిఫోల్డు మొహం కూడా ఇలాగే చూడాలి. వెల్డింగు వేడికి పట్టీ మెలిక తిరగడం మామూలు. మూడు మొహాలూ ఒకే మట్టంలో లేకపోతే సర్ఫేస్ గ్రైండింగ్ చేయించి తీరాలి. దీనికి పెట్టిన డబ్బు మానిఫోల్డు మీద పెట్టిన డబ్బు కంటే ఎక్కువ ఫలితమిస్తుంది.

గ్యాస్కెట్ ఐదు రంధ్రాలకూ కలిపి ఒకటే వస్తుంది. దానికి ఎర్ర సిలికాన్ పూసి అంటించే అలవాటు మానుకోవాలి. అక్కడి వేడికి అది కాలి రాలిపోతుంది, రాలిన చోట సందు మిగులుతుంది. నట్లు మధ్య నుంచి చివరలకు, కొంచెం కొంచెంగా, మూడు విడతల్లో బిగించాలి. మొత్తం బిగువు 20 న్యూటన్ మీటర్ల దగ్గర చాలు. చెయ్యి నొప్పి పుట్టేదాకా లాగడం బిగువు కాదు, స్టడ్డు మర పీకడం.

కింద గొట్టం కలిసే చోట ఇంకో జాగ్రత్త. ఇంజన్ రబ్బరు దిమ్మెల మీద ఊగుతుంది, సైలెన్సర్ బాడీకి వేలాడుతుంది. రెండింటి మధ్యా గొట్టాన్ని గట్టిగా క్లాంపుతో బంధిస్తే గట్టు రోడ్డు గుంటల్లో ప్రతి కుదుపూ ఫ్లాంజ్ వెల్డింగు మీద పడుతుంది. వేలాడదీసే చోట రబ్బరు ఉండాలి, లేదా మధ్యలో ఒక సాగే అతుకు పెట్టించాలి. స్టీరింగ్ కుడి పక్కన, మానిఫోల్డు ఎడమ పక్కన కాబట్టి స్టీరింగ్ గొట్టంతో తగువు రాదు. వేడి తగిలేది ముందు సీట్లో ఎడమ పక్క కూర్చున్నవాళ్ల పాదాలకు. అక్కడ ఫ్లోర్ కింద రేకు, ఫ్లోర్‌కు వేలెడు ఎడం వదిలి బిగిస్తే ఇంట్లో పెద్దవాళ్లు ప్రయాణంలో ఇబ్బంది పడరు. పెట్రోలు గొట్టం, బ్రేకు గొట్టం రెండూ కొత్త పైపులకు దూరంగా మళ్లించారో లేదో చేత్తో తడిమి చూసుకోవాలి. ఇథనాల్ పెట్రోలుకు పాత రబ్బరు గొట్టాలు మెత్తబడి పగులుతాయి. కాగిన ఎగ్జాస్ట్ పక్కన పెట్రోలు చెమ్మ అంటే టెన్షన్ పడాల్సిన విషయమే, వాటిని ఈ పనిలోనే మార్చేయాలి.

బిగించాక కార్బ్యురేటర్. 20 శాతం ఇథనాల్ పెట్రోలుకు మామూలు పెట్రోలు కంటే ఏడెనిమిది శాతం తక్కువ గాలి చాలు. పాత జెట్టుతో (కార్బ్యురేటర్లో పెట్రోలు కొలిచి వదిలే సన్న రంధ్రంతో) ఇంజన్ అప్పటికే ఆ మేరకు పెట్రోలు చాలక నడుస్తూ ఉంటుంది. పైగా కొత్త మానిఫోల్డుతో గాలి ఇంకొంచెం ఎక్కువ పీలుస్తుంది. జెట్టు ఒక సైజు పెంచకపోతే వాల్వులు కాగిపోతాయి. పెద్ద మిషన్లు లేని చోట ప్లగ్గే సాక్షి. వంతెన ఎక్కుతూ ఫుల్‌గా తొక్కి, పైన ఇంజన్ ఆపేసి, పక్కకు తీసి ప్లగ్గు విప్పి చూడాలి. పింగాణీ లేత ఇటుక రంగులో ఉంటే సరి. సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంటే పెట్రోలు చాలట్లేదు, మసి పట్టి ఉంటే ఎక్కువైంది. పొల్యూషన్ పరీక్షకు పోయేముందు లీకు లేదని నిర్ధారించుకోవాలి. గొట్టంలోని సందు ద్వారా బయటి గాలి లోపలికి దూరి, మిషను చూపే అంకెలు తప్పుతాయి, ఆ అంకెలు నమ్మి జెట్టు మారిస్తే ఉన్నది కాస్తా చెడుతుంది.

మొదటి రెండు మూడు రోజులు బండి తిప్పాక, పూర్తిగా చల్లారిన ఇంజన్ మీద నట్లన్నీ మళ్లీ ఒకసారి అదే బిగువుకు తెచ్చుకోవాలి. కొత్త గ్యాస్కెట్ వేడికి నలిగి కూర్చుంటుంది, నట్టు ఎంతోకొంత వదులవుతుంది. పని అయిపోయిందని షెడ్డు నుంచి బండి తీసుకెళ్లి ఈ రెండో బిగింపుకు రానివాళ్లే మళ్లీ గ్యాస్కెట్ కోసం వస్తారు.

తీసిన బీడు మానిఫోల్డును మాత్రం పాత ఇనుము వాడికి వేయకూడదు, బీట తీసి ఉన్నా సరే. 2021 జూలైలో కేంద్రం తెచ్చిన వింటేజ్ వాహనాల నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన బండికి ప్రత్యేక రిజిస్ట్రేషన్ ఉంది, నంబరు మధ్యలో వీఏ అక్షరాలతో. అయితే బండి అసలు రూపంలో ఉండాలి, ఛాసిస్‌లోనో, బాడీలోనో, ఇంజన్‌లోనో మార్పులు చేసిన పెద్ద పని జరిగి ఉండకూడదు. మానిఫోల్డు మార్చడం ఆ కోవలోకి వస్తుందా రాదా అన్నది చూసే అధికారిని బట్టి ఉంటుంది. ఆ రోజున పాతది తిరిగి బిగించగలిగే స్థితిలో ఉండాలి. బీడు బీటను నికెల్ రాడ్డుతో, ముందు నెమ్మదిగా కాచి, వెల్డ్ చేసి, బూడిదలో కప్పి నెమ్మదిగా చల్లార్చే పనితనం ఉన్నవాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్లతో అతికించి, మొహం చదును చేయించి, పాత నట్లు, వాషర్లు ఒక సీసాలో వేసి, మానిఫోల్డుకు గ్రీజు పూసి, పాత పంచె ముక్కలో చుట్టి, వరద నీళ్లు అందని అటక మీద పెట్టుకోవాలి.